జేబులో రాంపురి చాకు, అటక మీద తాత రంపె

కె.జి.ఎఫ్.లో ఒక ఇంటి ప్రార్థనకు వెళ్ళాం. ప్రార్థన అయింది, కాఫీ వచ్చింది. ఆ ఇంటి అబ్బాయికి ఇరవై దాటాయి, ఆదివారం సంఘంలో డ్రమ్స్ వాయిస్తాడు. ఫోను తీసి మాకు ఒక వీడియో చూపించాడు. మంచం మీద ఎర్ర దుప్పటి పరిచి ఉంది. దాని మీద ఐదు మడతచాకులు, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పేర్చి ఉన్నాయి. చివరిది మూసి ఉండగానే జానెడు దాటి ఉంది. నల్ల పిడి, ఇత్తడి కట్టు, చేప ఆకారం. బటన్ నొక్కగానే టక్కుమని అలుగు బయటికి దూకింది. వెనక సినిమా మ్యూజిక్.

"రాంపురి అన్నా. ఒరిజినల్" అన్నాడు.

"ఎందుకు నాయనా ఇవన్నీ?" అని అడిగాం.

"ఊరికే అన్నా. షోకి."

వాళ్ళమ్మ వంటింటి గడప దగ్గరే నిలబడి, "రైలు ఛార్జీకి ఇచ్చిన దుడ్డు కూడబెట్టి కొన్నాడయ్యా. చెప్తే వినడు" అంది. మేము మాట మార్చి, ఆ అబ్బాయి తాత గురించి అడిగాం. ఆయన ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినవాడు. ఆయన వాడిన సామాను ఏమైనా ఉందా అంటే, ఆమె కాసేపు తటపటాయించి అటక మీద నుంచి ఒక రేకు డబ్బా దించింది. అందులో రెండు ఇనుప వస్తువులు. ఒకటి పిడి విరిగిన చిన్న చాకు. మందు పేల్చే పనిలో ఫ్యూజు కోయడానికి తాత వాడింది. రెండోది అంతకంటే పాతది, తుప్పు పట్టిన వెడల్పాటి రంపె. తాతగారి నాన్న పలమనేరు పక్క పల్లెలో తోలు పని చేసేవాడట. గనికి వలస వస్తూ దాన్ని మూటలో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

ఆ అబ్బాయి రంపెను మొదటిసారి చూడడం అదే. "ఇది మాకు ఎప్పుడూ చూపించలేదేం అమ్మా?" అన్నాడు. "ఎవరికీ చూపించొద్దని మీ తాత చెప్పినాడు. చూస్తే మనమెవరో తెలిసిపోతుందని" అని ఆమె మెల్లగా చెప్పింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. ఒకే ఇంట్లో రెండు రకాల కత్తులున్నాయి. మనుషుల్ని భయపెట్టే కత్తి ఫోనులో ఊరంతా తిరుగుతోంది. నాలుగు తరాలకు కూడు పెట్టిన కత్తి అటక మీద దాక్కుని ఉంది. ఇది ఒక ఇంటి కథ మాత్రమే కాదని మా అభిప్రాయం. రాబర్ట్‌సన్‌పేట నుంచి బంగారుపేట దాకా, ముళబాగిలు నుంచి శ్రీనివాసపురం దాకా మన యువకుల ఫోన్లలో ఇటువంటి వీడియోలు తిరుగుతున్నాయి. పెద్దలు తిడుతున్నారు, కాపరులు బాధపడుతున్నారు. తిట్టడం ఒక్కటే సరిపోదు. సిగ్గుపడాల్సినదాన్ని చూసి గర్వపడడం, గర్వపడాల్సినదాన్ని చూసి సిగ్గుపడడం మన పిల్లలకు ఎక్కడ అలవాటైందో ముందు మనం వెదకాలి.

ఈ షోకు ఎక్కడ నుంచి వచ్చింది?

చాకులు పోగుచేయడమే పాపమని మేము అనడం లేదు. లోకంలో చాలామందికి అదొక ముచ్చట. ఫ్రాన్సులోని సవాయ్ కొండ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే పనివాడు చెక్క పిడితో ఒక మడతచాకు చేశాడు. రైతులు రొట్టె కోసుకోవడానికి, కొమ్మ చెక్కుకోవడానికి వాడిన ఆ చాకునే ఈ రోజు కూడా కొని దాచుకుంటారు. అక్కడ ఒక మనవడు తాత చాకును చూపిస్తే, తాత చేసిన పనిని చూపించినట్టే.

రాంపురి కథ వేరే దారి పట్టింది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో నవాబుల కాలం నుంచి చేతిపనివాళ్ళు ఈ మడతచాకులు చేశారు. వాళ్ళ పనితనాన్ని తక్కువ చేయలేం. అయితే తొమ్మిది అంగుళాలు, పన్నెండు అంగుళాలు ఉండే ఆ అలుగును దేశానికి పరిచయం చేసింది హిందీ సినిమా విలన్లు. 1990లలో ఆ రాష్ట్ర ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు మించిన చాకుల తయారీని నిషేధించింది. వీధులకు వీధులు ఆ పని చేసిన ఊళ్ళో ఇప్పుడు మిగిలిన పనివాళ్ళు కొద్దిమందే. 2023లో అక్కడి ఒక కూడలిలో ఇరవై అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు. పనివాడు ఆకలితో ఉన్నాడు, అతని చాకు మాత్రం విగ్రహమైంది.

మన వైపు చూద్దాం. కన్నడ సినిమా 'లాంగ్'ను, మచ్చును హీరో చేతికిచ్చింది. సరిహద్దు అవతల మన తెలుగు సినిమా 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చిన నాటి నుంచి వేటకొడవలిని, సుమో బండిని, తెల్ల చొక్కాను పౌరుషానికి గుర్తులుగా చేసిపెట్టింది. కోలార్ జిల్లా తెలుగు యువకుడు ఈ రెండూ చూస్తూ పెరిగాడు. ఆ కత్తి పట్టిన హీరో ఎవరి ఇంటి బిడ్డ? భూములున్న ఇంటి బిడ్డ, పదిమంది అనుచరులున్న ఇంటి బిడ్డ. ఆ కొడవలి కింద పడేవాళ్ళలో, జీతానికి నరికేవాళ్ళలో మనవాళ్ళున్నారు. హీరో స్థానంలో మనం ఎప్పుడూ లేం. అయినా ఆ కొడవలినే మన పిల్లలు పుట్టినరోజు కేకు మీద పెడుతున్నారు.

ఆ తరువాత 2018 డిసెంబరులో 'కె.జి.ఎఫ్' వచ్చింది, 2022 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చింది. లోకమంతా మన ఊరి పేరు పలికింది. మన సైనైడ్ దిబ్బలు తెర మీద కనబడ్డాయి. మన పిల్లలు ఉప్పొంగిపోయారంటే తప్పు పట్టలేం. గని మూసిన తరువాత ఆ ఊరిని పట్టించుకున్నవాడు లేడు. ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచారని సంబరపడ్డారు. కానీ ఆ కథ కల్పితం. అందులో గని కూలీలు తలవంచుకున్న బానిసలు. బయటి నుంచి ఒక హీరో సుత్తి, తుపాకీ పట్టుకుని వస్తే తప్ప వాళ్ళకు విడుదల లేదు. మన తాతలు అలాంటివాళ్ళు కాదు. ఈ అబద్ధం కత్తి కంటే లోతుగా కోసింది.

తాతల చేతిలో ఏమున్నది?

1880లలో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలార్ గనుల్లో పని మొదలుపెట్టినప్పుడు ఆ రాళ్ళ నేలకు జనం ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు వైపు నుంచి వచ్చారు. తమిళులు ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. వారిలో ఎక్కువమంది దళితులు. ఊళ్ళో వెట్టి నుంచి, కరువు నుంచి తప్పించుకోవడానికి భూమి లోపలికి దిగారు. ఒకప్పుడు ఆ గనుల్లో ఇరవై వేలకు పైగా మనుషులు పనిచేశారు. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, కానీ ఆ వెలుగు ముందు చేరింది యంత్రాలకు, దొరల బంగళాలకు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. లోపల భరించలేని వేడి. ఉన్నట్టుండి రాయి పేలుతుంది. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. నూట ఇరవై ఏళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం బయటికి వచ్చింది. ఆ బంగారంలో కూలీ ఇంటికి చేరింది ఎంతో మనకు తెలుసు.

ఆ లోతులో మనిషికి చాకు పనిముట్టు. ఫ్యూజును అడ్డదిడ్డంగా కోస్తే మందు సరిగా అంటుకోదు. అంటుకోని మందు తరువాత వచ్చే వాడి ప్రాణం తీస్తుంది. కాబట్టి చాకు పదునుగా ఉండాలి, కోసే చేయి వణకకూడదు. పక్కవాడి ప్రాణం ఆ కోతలో ఉంది. ఆ చాకును తాత ఎవరికీ చూపించి మురిసిపోలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి కడిగి పెట్టుకున్నాడు.

భూమి మీద కూడా అంతే. శ్రీనివాసపురం మామిడి తోటల్లో అంటు కట్టే చాకు ఉంది. పట్టు పురుగులకు మల్బరీ కోసే కొడవలి ఉంది. టమోటా, రాగి పండించే చేతుల్లో కొడవలి ఉంది. వాటికంటే ముందు ఆరె, రంపె ఉన్నాయి. రంపె లేకపోతే ఊరికి చెప్పులు లేవు, మోటబావికి తోలు తిత్తి లేదు, ఎద్దుకు వారు లేదు, పండుగకు డప్పు లేదు. ఊరంతా ఆ కత్తి కోసిన తోలు మీద నడిచింది. ఆ కత్తి పట్టిన మనిషిని మాత్రం ఊరి బయట ఉంచింది.

కోలార్ క్రైస్తవుల చరిత్రలో కూడా చేతిపనికి చోటుంది. 1876-78 కరువులో దిక్కులేని పిల్లలను మిస్ ఆన్‌స్టే అనే మిషనరీ చేరదీసింది. తరువాత ఆ పనిని మెథడిస్టులు అందుకున్నారు. 1910లో వాళ్ళు మొదలుపెట్టిన ఇ.టి.సి.ఎం. ఆసుపత్రిలో ఎన్ని వేలమందికి కత్తి ప్రాణం పోసిందో కోలార్ వాసులను అడగండి. ఆపరేషన్ కత్తి, అంటు కత్తి, ఫ్యూజు చాకు, రంపె: ఇవీ మన కత్తులు.

మరి వీటిని ఎందుకు దాచుకున్నాం? ఆ తల్లి చెప్పిన మాటే జవాబు. చూస్తే మనమెవరో తెలిసిపోతుంది. కులం మన చేతుల్లోని పనిముట్టుకు కూడా అంటు అంటగట్టింది. ఇక్కడ సంఘంగా మనం ఒక తప్పు ఒప్పుకోవాలి. బాప్తిస్మం తీసుకున్న తరువాత పాత పేర్లతో పాటు పాత పనిముట్లను కూడా మురికిగా చూడడం మనం నేర్చుకున్నాం. కొత్త సృష్టి అంటే తాత చేసిన పనికి సిగ్గుపడడం అనుకున్నాం. పిల్లలకు మన చరిత్ర చెప్పలేదు. ఖాళీగా వదిలిన ఆ చోటులోకి సినిమా వచ్చి కూర్చుంది.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. ఆ రోజు పుట్టిన బిడ్డకు ఇప్పుడు ఇరవై దాటాయి. ఈ తరం పిల్లలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్ళి, సెక్యూరిటీ గార్డులుగా, డెలివరీ బాయ్‌లుగా, షాపుల్లో హెల్పర్లుగా పనిచేసి రాత్రికి తిరిగొస్తారు. రోజంతా "ఏయ్" అని పిలిపించుకున్నవాడు రాత్రి ఒక పెద్ద చాకు తెరిచి ఫోను ముందు నిలబడితే, ఒక నిమిషం తానూ ఎవరో ఒకడినని అనిపిస్తుంది. ఆ ఒక్క నిమిషం కోసమే ఆ రైలు డబ్బులు. దీన్ని అర్థం చేసుకోకుండా బోధించే బోధ వాళ్ళ చెవికెక్కదు.

కేసు ఎవరి మీద పడుతుంది?

తమ్ముళ్ళూ, చట్టం సంగతి కూడా సూటిగా చెప్పుకుందాం. ఆయుధాల చట్టం 1959 నాటిది. దాని కింద ఉన్న నియమాల్లో, ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర పనికి, పరిశ్రమకు కాకుండా చేసిన కత్తి అలుగు తొమ్మిది అంగుళాల కంటే పొడవున్నా, రెండు అంగుళాల కంటే వెడల్పున్నా అది ఆయుధం. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు లేకుండా దాన్ని ఉంచుకుంటే, పట్టుకుని తిరిగితే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. "షోకి కొన్నాను సార్" అనే మాట స్టేషన్‌లో పనిచేయదు. తొమ్మిది అంగుళాల లోపుది కదా అని ధైర్యపడవద్దు. దానితో ఎవరినైనా బెదిరించినట్టు కనబడితే వేరే సెక్షన్లున్నాయి.

2025 మార్చిలో బెంగళూరులో టీవీ షోతో పేరొచ్చిన ఇద్దరిని లాంగ్ పట్టుకుని రీల్ చేశారని పోలీసులు అరెస్టు చేశారు. వాళ్ళకు పేరుంది, లాయర్లున్నారు, టీవీలు మాట్లాడాయి. అదే పని మన పేట కుర్రవాడు చేస్తే ఏమవుతుంది? టీవీ రాదు. స్టేషన్‌లో ఫోటో తీస్తారు. పేరు ఒక పుస్తకంలో పడుతుంది. తరువాత పేటలో ఏ గొడవ జరిగినా ముందు అతని ఇంటి తలుపే తడతారు. ఏ కంపెనీలో చేరాలన్నా పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతాడు. ముప్పై సెకన్ల వీడియో ముప్పై ఏళ్ళు వెంటాడుతుంది. మాకు తెలిసిన ఒక కుటుంబం కొడుకు బెయిలు కోసం తల్లి తాళిబొట్టు కుదువ పెట్టింది. వాడు ఎవరి మీదా చేయి ఎత్తలేదు. కేకు కోశాడు, అంతే.

ఇందులో అన్యాయం లేదా? ఉంది. ఊరేగింపుల్లో కత్తులు తిప్పేవాళ్ళున్నారు, గోడకు తుపాకులు తగిలించుకున్న పెద్దిళ్ళున్నాయి. అక్కడ అది సంప్రదాయం అనిపించుకుంటుంది. మన పేటలో అదే రౌడీతనం అవుతుంది. ఈ వివక్షను మేము ప్రశ్నిస్తాం, ప్రశ్నిస్తూనే ఉంటాం. పేదవాడి మీద రౌడీ షీటు తెరవడానికి ఉన్న తొందర, పెద్దవాడి దగ్గర ఎందుకు ఉండదని అడుగుతాం. కానీ ఆ ప్రశ్న అడగాల్సిన యువకుడే వాళ్ళ చేతికి సాక్ష్యం తానే తీసి పంపిస్తే, మన గొంతు బలహీనమవుతుంది.

"మనల్ని కొట్టడానికి వస్తే?"

ఒక సమావేశంలో ఒక తమ్ముడు లేచి అడిగిన ప్రశ్న ఇది. "అన్నా, మన దగ్గర కత్తి ఉందని తెలిస్తేనే వాళ్ళు భయపడతారు. లేకపోతే మనల్ని మనుషులుగా చూస్తారా?" ఆ ప్రశ్న వెనుక ఉన్న గాయం నిజమైనది. దాన్ని తేలికగా తీసుకోం.

2000 మార్చి 11న కంబాలపల్లిలో ఏం జరిగిందో గుర్తుచేసుకుందాం. అప్పటి కోలార్ జిల్లా, ఇప్పటి చిక్కబళ్ళాపుర జిల్లా చింతామణి తాలూకాలోని పల్లె అది. ఏడుగురు దళితులను సజీవంగా దహనం చేశారు. 2006లో నిందితులందరూ విడుదలయ్యారు, ఎందుకంటే సాక్షులు కోర్టులో మాట మార్చారు. 2014లో హైకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. ఆ ఇంట్లో ఒక రాంపురి చాకు ఉంటే ఆ ఏడుగురూ బతికేవారా? గుంపు ముందు, మంట ముందు జేబులో చాకు ఏం చేస్తుంది? ఆ కుటుంబాలకు కావలసింది ఇరవై మంది సాక్షులు భయపడకుండా నిలబడే బలం, వాళ్ళ వెంట కోర్టు దాకా నడిచే మనుషులు, ఏళ్ళ తరబడి కేసును వదలని లాయర్లు. అది మనం ఇవ్వలేకపోయాం. క్రైస్తవ సంఘాలు కూడా ఇవ్వలేకపోయాయి. కత్తుల వీడియోకు వచ్చే లైకుల్లో సగం మంది అయినా ఒక సాక్షి పక్కన నిలబడితే ఈ దేశంలో తీర్పులు మారతాయి.

మన తాతలకు ఈ బలం తెలుసు. 1930లో కోలార్ గని కంపెనీ కూలీలందరి వేలిముద్రలు తీసుకోవాలని చూసింది. "మేము దొంగలమా?" అని కూలీలు ఎదురు తిరిగారు. వేలమంది పని మానేశారు. పెద్ద నాయకుడు లేడు, చేతిలో ఆయుధం లేదు. బొటనవేలు చాపమంటే చాపలేదు, అంతే. ఇంగ్లాండు కంపెనీ గనులు ఆగిపోయాయి. 1946లో మళ్ళీ పెద్ద సమ్మె జరిగింది. ఆ నవంబరు 4న పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు ప్రాణాలు విడిచారు. ఆ ఆరుగురి పేర్లు మన యువకుల్లో ఎంతమందికి తెలుసు? సినిమా హీరో డైలాగు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. 2024లో పా. రంజిత్ తీసిన 'తంగలాన్' ఈ గనుల వెనుక ఉన్న దళితుల కథను తెర మీదికి తెచ్చింది. అదీ సినిమాయే, కానీ అందులో భూమిని తవ్విన చేతులకు పేరుంది. మన ఇళ్ళలో ఉన్న కథలు అంతకంటే పెద్దవి, చెప్పేవాళ్ళే లేరు.

పేతురు కత్తి, సీమోను ఇల్లు

బైబిల్లో పేరున్న ఒక పెద్ద కత్తి గొల్యాతుది. దావీదు దాన్ని సంపాదించింది యుద్ధంలో, కానీ ఆ రోజు అతన్ని గెలిపించినవి పనివాడి వస్తువులు, గొర్రెల కాపరి వడిసెల, ఏటి రాళ్ళు. ఆ కత్తి తరువాత నోబులో, ఏఫోదు వెనక, బట్టలో చుట్టి ఒక గుర్తుగా ఉండిపోయింది. సౌలుకు భయపడి పారిపోతున్న దావీదు అక్కడికి వెళ్ళి దాన్ని అడిగి తీసుకున్నాడు, దానికి సాటి లేదని మురిశాడు. దోయేగు చూశాడు. ఫలితం ఏమిటి? ఆ రొట్టె, ఆ కత్తి ఇచ్చిన నేరానికి ఎనభై అయిదుగురు యాజకులు ఒకే రోజు చనిపోయారు. వాళ్ళ చావుకు తానే కారణమని దావీదే ఒప్పుకున్నాడు. అందమైన కత్తి పట్టుకున్నవాడు బతికిపోవచ్చు, పక్కన ఉన్నవాళ్ళు బలి కావచ్చు. మన పేటల్లో బెయిలు కోసం తిరిగే తల్లులకు ఈ కథ అర్థమవుతుంది.

ఇక పేతురు. గెత్సేమనేలో అతడు కత్తి దూశాడు. తెగింది ఎవరి చెవి? పిలాతుది కాదు, ప్రధానయాజకుడిది కాదు. మల్కు అనే ఒక దాసుడి చెవి. కత్తి ఎప్పుడూ అందుబాటులో ఉన్న పేదవాడి మీదే పడుతుంది. ప్రభువు ఆ కత్తిని ఒరలో పెట్టమన్నాడు, ఆ దాసుడి చెవిని బాగుచేశాడు. ఈ మాట మనం చాలాసార్లు విన్నాం.

ఆ తరువాతి మాట మన సంఘాల్లో తక్కువ వినబడుతుంది. అదే పేతురు కొన్నేళ్ళకు యొప్పేలో చాలా రోజులు ఒక ఇంట్లో బస చేశాడు. ఎవరి ఇల్లు అది? చర్మకారుడైన సీమోను ఇల్లు, ఊరి చివర సముద్రం దగ్గర. తోలు వాసన వచ్చే ఇల్లు, రంపె ఉన్న ఇల్లు. ఆ ఇంటి మిద్దె మీదే, దేవుడు పవిత్రం చేసినదాన్ని అంటరానిదని అనకూడదన్న దర్శనం పేతురుకు వచ్చింది. పెద్ద దేవాలయంలో రాలేదు, తోలు పనివాడి మిద్దె మీద వచ్చింది. కొర్నేలీ ఇంటికి, అంటే మన దాకా, సువార్త వచ్చిన దారి ఆ ఇంటి గుండానే ఉంది. కత్తి దూసిన చేయి రంపె ఉన్న ఇంటి అన్నం తిన్నప్పుడు పేతురు మారాడు. అటువంటప్పుడు మన అటక మీద ఉన్న రంపెకు సిగ్గుపడడం ఎందుకు?

ఏం పోగుచేద్దాం?

పోగుచేయాలనే కోరిక యువకుల్లో ఉంది. చూపించుకోవాలనే కోరిక కూడా ఉంది. ఆ కోరికను చంపవద్దు, దానికి సరైన వస్తువు ఇద్దాం. మా సూచనలు ఇవి.

మొదటిది, ప్రతి సంఘ యువజన శాఖ తమ ఇళ్ళలోని పనిముట్లను వెదికి బయటికి తీయాలి. ఫ్యూజు చాకు, గని టోపీ, దీపం, హాజరు బిళ్ళ, రంపె, ఆరె, అంటు కత్తి, అమ్మమ్మ కత్తిపీట కూడా. వాటిని కడగండి, ఫోటో తీయండి, ఎవరివో రాయండి. బతికి ఉన్న గని కార్మికుల మాటలు ఫోనులో రికార్డు చేయండి. దుమ్ము జబ్బుతో వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, ఆలస్యం చేయవద్దు. గని మూతపడిన ఫిబ్రవరి 28న గానీ, మే 1న గానీ వాటిని సంఘంలో బల్ల మీద పెట్టి చూపించండి. ఆ రోజు రీల్ చేయండి. మేము కూడా పంచుకుంటాం.

రెండోది, ఇంట్లో పెద్ద చాకులు, లాంగ్‌లు ఉన్న తమ్ముళ్ళు వాటిని వదిలించుకోవాలి. భయపడకుండా ముందు ఇంటి పెద్దలతో, కాపరితో, నమ్మకమైన లాయరుతో మాట్లాడండి. వీడియోలు తీసేయండి. సంఘం ఆ పిల్లవాడిని వేదిక మీద నిలబెట్టి అవమానించకూడదు. తప్పిపోయినవాడు తిరిగి వచ్చినప్పుడు తండ్రి లెక్కలు అడగలేదు.

మూడోది, కాపరులకు, యువజన నాయకులకు. యూత్ మీటింగ్ పోస్టర్ల మీద సినిమా ఫాంటులు, హీరో భంగిమలు, కత్తుల బొమ్మలు మానేద్దాం. ఆత్మ ఖడ్గం గురించి చెప్పేటప్పుడు వెనుక తెర మీద రక్తం కారే కత్తిని చూపించిన సభలు మేము చూశాం. పిల్లలు మన ప్రసంగం మరిచిపోతారు, బొమ్మ గుర్తుంచుకుంటారు.

నాలుగోది, పని. గని మూసి పాతికేళ్ళు. ఉన్న ఊళ్ళో పని లేకుండా, రోజుకు గంటల తరబడి రైల్లో గడిపే పిల్లలకు నీతి ఒక్కటే చాలదు. చేతిపని శిక్షణ, ఉద్యోగ సమాచారం, పోటీ పరీక్షలకు చదువుకునే గది: సంఘ భవనాలు వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉన్నాయి, వాటిని తెరుద్దాం.

ఇంగ్లాండులో 2018లో ఒక దేవదూత విగ్రహం తయారైంది. ఇరవై ఏడు అడుగుల ఎత్తు. పోలీసులు స్వాధీనం చేసుకున్నవీ, జనం స్వచ్ఛందంగా పెట్టెల్లో వేసినవీ లక్ష కత్తులతో దాన్ని చేశారు. కత్తిపోట్లకు బిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళు రెక్కల మీది అలుగుల మీద ఆ పేర్లు చెక్కించారు. దాన్ని చర్చిల ముందు, ఊళ్ళ కూడళ్ళలో నిలబెడుతూ తిప్పారు. రాంపూర్ కూడలిలో చాకు నిలబడింది, అక్కడ చాకుల నుంచి దేవదూత లేచింది. మన కోలార్‌లో అంత పెద్ద విగ్రహం అక్కర్లేదు. ఒక బల్ల, దాని మీద ఒక తెల్ల గుడ్డ, మన తాతల పనిముట్లు చాలు.

ఆ ఇంటి నుంచి బయలుదేరే ముందు అబ్బాయి రంపెను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "దీన్ని రుద్దితే తుప్పు పోతుందా అన్నా?" అని అడిగాడు. పోతుందని చెప్పాం. వాళ్ళమ్మ కొబ్బరి నూనె సీసా తెచ్చి ఇచ్చింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ఆదివారం ఆరాధన అయిన తరువాత మీ ఇంటి అటక ఎక్కి చూడండి. దొరికినదాన్ని దాచకండి.